టోకెన్ 47 దవడ

జనవరి 13, మంగళవారం ఉదయం 7:40కి ఈశ్వరయ్య సకినం కొరికాడు. పై దవడకు ఎడమ పక్క పెట్టించుకున్న పన్ను స్క్రూతో సహా ఊడి టీ కప్పులో పడింది.

పదహారు రోజుల తర్వాత, గురువారం మధ్యాహ్నం 1:10కి ఆ పన్ను అమెరికాలోని చాండ్లర్‌లో డాక్టర్ నమ్రత క్లినిక్‌లో బల్ల మీద ఉంది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించారు. బల్లకు ఇవతల బాలమణి కూర్చుంది. అవతల నమ్రత నిలబడింది. కూర్చోమని బాలమణి రెండుసార్లు చెప్పింది. నమ్రత కూర్చోలేదు.

బాలమణికి అరవై ఒకటి. హైదరాబాద్ ఫోరెన్సిక్ లాబరేటరీలో, ఎముకల విభాగంలో, ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైంది. కూతురు భావన దగ్గర ఆరు నెలలు ఉండి పోదామని వచ్చింది. వచ్చిన మూడో వారంలో గుడి వంటశాలలో మాయమైన గ్రైండర్ ఎవరి గరాజ్‌లో ఉందో చెప్పింది. అప్పటి నుంచి ఊళ్ళో తెలుగువాళ్ళు ఏది పోయినా ముందు ఆమెకే ఫోన్ చేస్తున్నారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు ఉద్యోగం చేయకూడదు కాబట్టి ఆమె ఫీజు తీసుకోదు. భోజనం పెడితే తింటుంది.

ఈసారి పోయేలా ఉన్నది ఆ పన్ను పెట్టిన నమ్రత లైసెన్స్. ఈశ్వరయ్య కొడుకు అనుదీప్ స్టేట్ డెంటల్ బోర్డుకు కంప్లయింట్ పెట్టాడు. విచారణ మర్నాడు ఉదయం. అనుదీప్ లాయర్ ఒక ఇన్వెస్టిగేటర్‌ను పెట్టుకున్నాడు. అతని రిపోర్టు ఈ సాయంత్రం ఐదింటిలోగా బోర్డుకు చేరాలి. ఎముక లేని చోట డాక్టర్ స్క్రూ దించిందని అందులో ఉంటే, శుక్రవారం మధ్యాహ్నానికల్లా నమ్రత పేషెంట్ నోట్లో చేయి పెట్టే హక్కు పోతుంది. నాలుగేళ్ళ క్రితం తెరిచిన క్లినిక్ అది.

బాలమణి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి భూతద్దం తీసింది.

"దీన్ని కడిగినవా బిడ్డా?"

"లేదు ఆంటీ. అంకుల్ టీలోంచి తీసి టిష్యూలో చుట్టి తెచ్చారు. అలాగే ఉంచాను."

"మంచి పని చేసినవ్. కడిగితే సాక్షి నోరు కడిగినట్టే."

స్క్రూ పొడవు పది మిల్లీమీటర్లు. దాని మీద పది చుట్లు ఉన్నాయి. పన్ను వైపు నాలుగు చుట్ల మధ్య ఎముక పొడి ఇరుక్కుని ఉంది. మొన వైపు ఆరు చుట్లు ప్యాకెట్లోంచి ఇప్పుడే తీసినట్టున్నాయి. బాలమణి రెండుసార్లు లెక్కపెట్టి, భూతద్దం నమ్రత చేతికిచ్చి ఆమె చేత కూడా లెక్కపెట్టించింది.

డాక్టర్‌కు తెలిసిన విషయమే ఇద్దరూ మరోసారి మాట్లాడుకున్నారు. ఎముక రాయి కాదు, ప్రాణమున్నది. టైటానియం స్క్రూ దించితే ఎముక కణాలు దాని మీదకు పాకి, మూడు నాలుగు నెలల్లో చుట్టు చుట్టునూ పట్టుకుంటాయి. పది చుట్లూ పట్టుకుంటే సకినం కాదు, వక్క కొరికినా ఊడదు. ఇక్కడ పట్టింది నాలుగే. మిగతా ఆరూ ఎముక మొహమే చూడలేదు.

"అంటే సకినాన్ని విడుదల చేసినం," అంది బాలమణి. "ఇంక ఇద్దరున్నరు. నువ్వు, ఆ ఎముక. నువ్వు చెప్పు ముందు."

నమ్రత అప్పుడు కూర్చుంది. జూన్ 12న స్క్రూ దించేటప్పుడు డ్రిల్లు పట్టు లేకుండా లోపలికి పోయిందని చెప్పింది. ఎముక మెత్తగా ఉందని అదే రోజు ఫైల్లో రాసింది. పై దవడ వెనక భాగంలో ఎముక కింది దవడంత గట్టిగా ఉండదు కాబట్టి ఆగలేదు.

"ఇంకో స్కాన్ ఎందుకు తియ్యలే?"

"స్కాన్‌లో పన్నెండు మిల్లీమీటర్లు ఉంది కదా అని. నా చేతిని నమ్మలేదు ఆంటీ. స్క్రీన్‌ని నమ్మాను."

"గది నీ తప్పు. రేపు బోర్డు ముందు ఇదే మాట చెప్పు, మార్చకు. ఇప్పుడు ఆ స్క్రీన్ చూపియ్."

నమ్రత రెండు స్కాన్‌లు పక్కపక్కన పెట్టింది. మొదటిది నిరుడు మార్చి 29, శనివారం ఉదయం 11:40కి తీసింది. తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో అరవై దాటినవాళ్ళకు ఉచిత దంత శిబిరం పెట్టారు. స్కాన్ మెషిన్ ఉన్న వ్యాన్ వచ్చింది. ఈశ్వరయ్య టోకెన్ నంబర్ 47. రెండోది పన్ను ఊడిన రెండు రోజులకు అనుదీప్ వేరే డెంటిస్ట్ దగ్గర తీయించింది. రెండూ ఎడమ పక్క పైన ఐదు పళ్ళ మేరకే తీసిన చిన్న స్కాన్‌లు. మొదటిదాంట్లో ఎముక ఎత్తు పన్నెండు మిల్లీమీటర్లు. రెండోదాంట్లో నాలుగు.

బాలమణి కుర్చీ ముందుకు జరుపుకుంది. మొదటి స్కాన్‌లో పన్ను లేని ఖాళీలో ఒక తెల్ల గీత కనిపించింది, గిన్నె అంచులా. పీకిన పన్ను గుంత గోడ అది. పన్ను పోయిన నాలుగైదు నెలలకు ఆ గీత ఎముకలో కలిసిపోతుంది. ఇక్కడ ఇంకా కలవలేదు.

"ఈశ్వరయ్య అన్న పన్ను ఎప్పుడు పోయింది?"

"పన్నెండేళ్ళయిందని ఫారంలో ఉంది."

"పన్నెండేళ్ళ కిందటి గుంత గోడ ఇంకా నిలబడ్డదా?"

దవడలో ఆ ఎముక ఉండేది పన్ను కోసమే. పన్ను పోతే దానికి పని లేదు, పని లేని ఎముకను ఒళ్ళు వెనక్కి తీసుకుంటుంది. పై దవడలో అయితే ఆ పైన సైనస్ ఉంటుంది, గాలి గది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గది నేల కిందికి జారుతుంది. పన్నెండేళ్ళ తర్వాత నాలుగు మిల్లీమీటర్లు మిగలడంలో వింత లేదు. పన్నెండు మిగిలితేనే వింత.

"మా లాబ్‌ల ఎముక చేతికొస్తే, దీనికేమైందని ముందు అడగకపోయేది," అంది బాలమణి. "ఇది ఎవరిది అని అడిగేది."

1:50కి తలుపు తోసుకుని అవినాష్ వచ్చాడు. అనుదీప్ లాయర్ పెట్టుకున్న ఇన్వెస్టిగేటర్ అతనే. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. మెడలో లైసెన్స్ కార్డు, చేతిలో ట్యాబ్. రాగానే బయట డ్రైవర్ లేని టాక్సీ రెండు కార్ల చోటు ఆక్రమించి నిలబడిందని ఫిర్యాదు చేశాడు.

"నాదే బిడ్డా. మళ్ళీ పోవాలె గదా అని ఉండమన్న. దానికి తెలుగు రాదు, ఎట్ల నిలవడాల్నో చెప్పలేకపోయిన."

"పార్కింగ్ సంగతి నాకు చెప్పకండి ఆంటీ. ఉగాదికి ఎనిమిది వందల కార్లు సర్దినవాణ్ణి. అయినా మీకు లైసెన్స్ ఉందా? లేకుండా ఎవిడెన్స్ ముట్టుకుంటున్నారు."

"లేదు. భూతద్దం ఉన్నది."

ఆమె బ్యాగ్‌లోంచి స్టీల్ డబ్బా తీసి మూత తెరిచింది. ఈశ్వరయ్య భార్య పద్మజ చేసిన సకినాలు, ఆ వాయివే. ఎంత గట్టివో చూద్దామని నిన్న తెప్పించుకుంది. అవినాష్ ఒకటి తీసుకుని ఎడమ దవడకు పెట్టి కొరికాడు. చప్పుడు రిసెప్షన్ దాకా వినపడింది.

"చూశారా? నాదీ ఇంప్లాంటే. పెట్టేవాళ్ళు పెడితే ఇలా ఉంటుంది. నా బోన్ చూసి మా డెంటిస్టే ఆశ్చర్యపోయాడు."

అతని వాదన సూటిగా ఉంది. మార్చిలో పన్నెండు మిల్లీమీటర్లు, జనవరిలో నాలుగు. మధ్యలో జరిగింది ఒక్క ఆపరేషన్. డాక్టర్ అజాగ్రత్త వల్ల ఇన్ఫెక్షన్ వచ్చి ఎనిమిది మిల్లీమీటర్ల ఎముక తినేసింది. రిపోర్టు రాయడం అయిపోయింది, పంపడమే తరువాయి.

బాలమణి డబ్బా అతని ముందుకు జరిపింది, ఈసారి స్క్రూ ఉన్న డబ్బా. ఇన్ఫెక్షన్ నోటి వైపు నుంచి మొదలవుతుంది. చెట్టుకు చీడ మొదలు దగ్గర పట్టినట్టు ముందు పన్ను దగ్గరి చుట్లను తింటుంది. ఇక్కడ పన్ను దగ్గరి నాలుగు చుట్లకే ఎముక ఉంది. మొన వైపు లేదు. అక్కడ తినడానికి ఎముక ఉంటే కదా.

"అది మీ థియరీ ఆంటీ."

"సరే, ఇది చూడు." ఆమె వేలు మొదటి స్కాన్ మీదికి వెళ్ళింది. ఖాళీకి ముందున్న పన్ను వేరు పక్కన తెల్లటి చుక్క ఉంది, మినపగింజంత. ఎముకలో అక్కడ ముడి పడింది. కొందరికి పుడుతుంది. నొప్పి ఉండదు, పెరగదు, పోదు. వేలు రెండో స్కాన్ మీదికి జరిగింది. అదే పన్ను, అదే వేరు. చుక్క లేదు. "ఇన్ఫెక్షన్ ఎముకను తిన్నదే అనుకుందాం. పక్క పన్ను జోలికి పోకుండ ఈ ఒక్క గింజను ఏరుకోని తిన్నదా?"

అవినాష్ స్క్రీన్ దగ్గరికి వచ్చి ట్యాబ్‌తో ఫొటో తీశాడు. నమ్రత కుర్చీలోంచి లేచింది. తను ఎప్పుడూ ఖాళీనే కొలిచిందనీ పక్కకు చూడలేదనీ మెల్లగా అంది.

"రికార్డు మీద అంకుల్ పేరుంది," అన్నాడు అవినాష్. "పుట్టిన తేదీ ఉంది. టోకెన్ ఉంది. అంకుల్‌ని నేనే అడిగాను, క్యాంప్‌కి వెళ్ళానన్నారు. ఐదింటికి సబ్మిట్ చేస్తున్నా."

"ఆయన భార్యను అడిగినవా?"

"ఆవిడ కిచెన్‌లో ఉన్నారు."

"ఐదు దాకా ఆగు," అని బాలమణి చీర కొంగు సర్దుకుంది.

టాక్సీలో స్టీరింగ్ దానంతట అదే తిరిగింది. "పోనియ్ బిడ్డా, నిదానంగ పోనియ్," అని ఆమె ఖాళీ సీటుకు చెప్పింది. 2:25కి కారు అనుదీప్ ఇంటి ముందు ఆగింది.

అనుదీప్ మేడ మీద మీటింగ్‌లో ఉన్నాడు. ఈశ్వరయ్య హాల్లో కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. పన్ను ఊడిన దగ్గర్నుంచి గట్టివేమీ పెట్టడం లేదని బాలమణితో చెప్పుకున్నాడు. జగిత్యాలలో కరెంటు ఆఫీసులో ఉన్నప్పుడు పన్ను పీకించుకున్నాడు. పన్నెండేళ్ళ మాట నిజమే. శిబిరానికి పోయాడు, ఫారం మీద సంతకం పెట్టాడు, టోకెన్ తీసుకున్నాడు.

"మిషిన్‌ల గదుమ పెట్టి నిలబడ్డవా అన్నా? చుట్టూ తిరుగుతది, కదలకుమంటరు."

"ఏ మిషిను?" అన్నాడు ఈశ్వరయ్య.

వంటగదిలో నల్లా చప్పుడు ఆగింది.

ఈశ్వరయ్యకు తెలిసినంతలో, ఆయన పులిహోర తిని వచ్చేసరికి "అయిపోయింది, పా" అని భార్య అంది. అయిపోయిందంటే అయిపోయిందనుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఆమె అయిపోయిందన్నవన్నీ అయిపోతూనే వచ్చాయి.

బాలమణి లేచి వంటగదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసింది. పద్మజ చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఉంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడిచింది. ఏమీ అడగకుండా బాలమణి పొయ్యి మీద చాయకు నీళ్ళు పెట్టింది. నీళ్ళు కాగకముందే పద్మజ చెప్పడం మొదలుపెట్టింది.

11:35కి నలభై ఏడో నంబర్ పిలిచారు. ఈశ్వరయ్య పులిహోర లైన్లో ఉన్నాడు, ముందు ముప్పై మంది, వెనక యాభై మంది. వదిలి వస్తే పులిహోర పోతుంది, రాకపోతే టోకెన్ పోతుంది. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిస్తే తర్వాతి నంబర్‌కు పోతామన్నారు.

"బయట తీయించుకుంటే ఎంతైతదో కొడుకు చెప్తనే ఉంటడు. ఉత్తగ ఇస్తుంటే ఎట్ల పోనిస్తం చెల్లె? ఫారంల ఎడమ పక్క పై పన్ను అని రాసి ఉన్నది. అబద్ధం కావద్దని, గా పన్నే లేనోళ్ళు ఎవరన్న ఉన్నరా అని లైన్ల ఒర్రిన."

"ఉన్నరా?"

"ఒక పిల్లగాడు ఉరికొచ్చిండు. పసుపు టీషర్టు. చేతుల వాకీటాకీ ఉండె. మూడు నెలల కింద పీకిన్రంట. నాకు పనికొస్తది ఆంటీ అని టోకెన్ తీసుకోని ఎక్కిండు. బొమ్మ మా ఫోన్‌కే వచ్చింది. అందరి దవడలు ఒక్కతీర్గనే ఉంటయి గదా అనుకున్న."

కొడుకు లాయర్ దగ్గరికి పోయిన రోజే చెబుదామనుకుంది. లాయర్ ఇంకొకర్ని పెట్టాడు. అతను ఇంటికొస్తే భయపడి వంటగదిలోంచి బయటికి రాలేదు. గొంతు మాత్రమే విన్నది.

"మాట పెద్దగైపోయింది చెల్లె. నేను చిన్నగైపోయిన. ఆ డాక్టర్ పిల్ల ఎదురైతే ఎట్ల చూడాలె?"

"కాయితం తీసుకో అక్కా. ఇప్పుడు చెప్పినట్టే రాయి."

పద్మజ తెలుగులో పేజీన్నర రాసింది. కిందికి దిగివచ్చిన అనుదీప్ దాన్ని చదివి, అమ్మ వైపు చూసి, మళ్ళీ చదివాడు. కోప్పడతాడని పద్మజ ఎదురుచూసింది. పులిహోర కోసమా అని ఒక్క మాట అడిగి, ఇంగ్లీషులోకి తనే రాసిచ్చాడు. ఈశ్వరయ్య తప్పు తనదీ ఉందన్నాడు. ఆ రోజు పులిహోరలో ఉప్పు కూడా తక్కువేనట. సంతకాలు 3:35కి అయ్యాయి.

బాలమణి 3:55కి క్లినిక్‌కు చేరింది. అవినాష్ 4:20కి వచ్చాడు. పద్మజ కాగితం నిలబడే చదివాడు.

"ఇది స్టేట్‌మెంట్ మాత్రమే. పసుపు టీషర్టు అంటే వలంటీర్లందరూ వేసుకున్నారు. ఆ మనిషి దొరక్కపోతే లాయర్ ఒప్పుకోడు, బోర్డూ ఒప్పుకోదు. నలభై నిమిషాల్లో ఎక్కడ పట్టుకుంటారు?"

"వాకీటాకీలు అందరికీ ఇచ్చిన్రా?"

"లేదు. పార్కింగ్ టీమ్‌కే."

"పార్కింగ్‌ల ఎంతమంది?"

"ముగ్గురం," అన్నాడు అవినాష్.

నమ్రత అతని వైపు చూసింది. బాలమణి సకినాల డబ్బా తెరిచి అతని ముందు పెట్టింది. అతను తీసుకోలేదు. బుగ్గ లోపల నాలుక ఎడమ పక్కకు వెళ్ళడం బయటికి కనిపించింది.

"నీ పన్ను ఎప్పుడు పీకిన్రు బిడ్డా?"

"ముందటేడు... క్రిస్మస్ వెళ్ళాక. ముప్పైనో, ముప్పై ఒకటినో."

"ఎడమ పక్క పైన, దవడ పన్ను. ఆరేళ్ళకు వచ్చేది."

"చాలామందికి పోయేది అదే కదా ఆంటీ."

"అవును. అందరికన్న ముందు వస్తది, అందరికన్న ముందు పుచ్చుతది. అందుకే ఒర్రంగనే దొరికినవ్."

అవినాష్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టోకెన్ మీద పేరు లేదని, నంబరే ఉందని చెప్పాడు. ఎవరో ఆంటీ పిలిచింది, వేస్ట్ అవుతుందంటే ఎక్కాడు. వ్యాన్‌లో నంబరే చూశారు, వయసు అడగలేదు. రిజల్ట్ రాలేదు. తర్వాత తన డెంటిస్ట్ దగ్గర వేరే తీయించుకున్నాడు కాబట్టి దాని సంగతే మర్చిపోయాడు. రెండు వారాలుగా ఈ స్కాన్‌నే చూస్తున్నాడు. బోర్డుకు పంపే రిపోర్టులో దీని గురించి 'దృఢమైన ఎముక' అని రాశాడు.

"రాసింది నిజమే," అంది నమ్రత. పదహారు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"నా కేస్ పోతుంది ఆంటీ. నేనే విట్నెస్ అయితే నేను ఇన్వెస్టిగేటర్‌గా ఉండకూడదు. లాయర్ ఈ రాత్రికే తీసేస్తాడు."

"నువ్వు ఇంకా తేల్చుకోలే. ఎక్కినన్నది నీ నోటి మాటనే. ఈ బొమ్మ నీదేనని ఎముక చెప్పాలె. నీ డెంటిస్ట్ ఇచ్చిన బొమ్మ ఫోన్‌ల ఉన్నదా?"

అవినాష్ ఫోన్ తీశాడు. క్లినిక్ యాప్ పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారి తెరుచుకుంది. తన ఎక్స్‌రే పెద్దది చేసి, మార్చి 29 స్కాన్ పక్కన పెట్టాడు. బాలమణి భూతద్దం అతని చేతికే ఇచ్చింది.

అప్పుడు 4:46. ఖాళీకి ముందున్న పన్ను వేరు పక్కన, రెండు చిత్రాల్లోనూ ఒకే చోట, మినపగింజంత తెల్ల చుక్క ఉంది.

అవినాష్ ట్యాబ్ తెరిచి పాత రిపోర్టు చెరిపాడు. నమ్రత స్క్రూ చుట్ల లెక్క చెప్పింది, అతను టైప్ చేశాడు. ఎముక మెత్తగా ఉన్నా రెండో స్కాన్ తీయలేదన్న తన మాట కూడా రాయమని ఆమే చెప్పింది. అదీ రాశాడు. పద్మజ స్టేట్‌మెంట్ జతచేశాడు.

రిపోర్టు 4:58కి బోర్డుకు చేరింది. స్కాన్‌లోని దవడ ఎవరిదన్న గడిలో అవినాష్ తన పూర్తి పేరు, లైసెన్స్ నంబర్ రాశాడు.